మురికికి ఇంగ్లీషులో ఎన్నో మాటలు: ‘డర్టీ’ ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ వేరే మాట కావాలి

కొన్నేళ్ల క్రితం మా కాలనీలో వరసగా నాలుగు రోజులు కుళాయి నీళ్లు గోధుమరంగులో, కుళ్లు వాసనతో వచ్చాయి. ఫిర్యాదును ఇంగ్లీషులో రాసే పని నాకు అప్పగించారు. నీళ్లు ‘కంటామినేటెడ్’, అంటే కలుషితం, అయ్యాయని రాశాను. బరువైన మాట కాబట్టి వెంటనే కదలిక వస్తుందని నమ్మాను. పరీక్ష చేయించిన నివేదికను జతపరచవలసిందని జవాబు వచ్చింది. మా దగ్గర నివేదిక ఏదీ లేదు. పది రోజులు గడిచాక, నీటి రంగు మారిందని, దుర్వాసన వస్తోందని, ఏయే వీధుల్లో ఏ పూట అలా వస్తోందని వివరంగా, ‘డిస్‌కలర్డ్’, ‘ఫౌల్ స్మెల్లింగ్’ అనే మాటలతో మళ్లీ రాశాం. ఆ ఉత్తరం అందిన మర్నాడే మురుగుకాలువ పక్కన పగిలిన గొట్టాన్ని వెతుక్కుంటూ మనుషులు వచ్చారు. మొదటి ఉత్తరంలో అబద్ధమేమీ లేదు. కంటికీ ముక్కుకీ తెలిసిన సంగతిని, ప్రయోగశాల మాత్రమే తేల్చగల మాటతో చెప్పడమే నేను చేసిన పొరపాటు.

నిఘంటువు తెరిచి చూస్తే డర్టీ, ఫిల్తీ, ఫౌల్, స్క్వాలిడ్, గ్రైమీ, సాయిల్డ్ అన్నిటికీ ఎదురుగా మురికిగా ఉన్న, మలినమైన, అపరిశుభ్రమైన అనే రెండు మూడు తెలుగు మాటలే తిరిగి తిరిగి కనిపిస్తాయి. వాటి మధ్య తేడా అర్థంలో కన్నా అవి మోసుకొచ్చే భారంలో ఉంది. ఈ మాట అన్నవారు స్వయంగా ఏం చూశారు, ఏం రుజువు చేయగలరు, ఎవరిని తప్పుపడుతున్నారు అన్న మూడు సంగతులూ ఒక్కో మాటలో ఒక్కో పాళ్లలో ఇమిడి ఉంటాయి. ఏ మాట ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే, మీరు చూసినదానికి మించి ఒక్క మెట్టు కూడా పైకి ఎక్కని మాటను ఎంచుకోండని చెబుతాను.

తెలుగులో మురికికి మాటలు తక్కువేమీ కాదు. బట్ట మాస్తుంది, గిన్నెకు మసి అంటుతుంది, వంటగది గోడకు జిడ్డు పడుతుంది, ఇత్తడి చెంబుకు చిలుము పడుతుంది, పళ్లకు పాచి పడుతుంది, తిన్న కంచం ఎంగిలి అవుతుంది, పాలు కల్తీ అవుతాయి, దాయాదుల ఇంట చావు జరిగితే మైల వస్తుంది. మన మాటలు ఎక్కువగా మురికి దేని నుంచి వచ్చిందో, దేనికి పట్టిందో చెబుతాయి. ఇంగ్లీషు విశేషణాలు ఎక్కువగా అది ఎంత ఉందో, చూసినవారికి ఎలా అనిపించిందో చెబుతాయి. ఈ రెండు పద్ధతులూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవు కాబట్టే, తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవారు ఇన్ని రకాలనూ ‘డర్టీ’ అనే ఒకే మూటలో కట్టేస్తుంటారు.

కంటికి కనిపించేవి

‘డర్టీ’ ఈ కుటుంబంలో అన్నిటికన్నా తటస్థమైన మాట. శుభ్రంగా లేదు, శుభ్రం చేయవలసి ఉంది అని మాత్రమే చెబుతుంది; ఎంత మురికి ఉందో, అది ఎవరి వల్ల వచ్చిందో చెప్పదు. మనం అంట్లు అనేవాటిని ఇంగ్లీషువారు ‘డర్టీ డిషెస్’ అంటారు. ప్రతి ఇంట్లోనూ భోజనాల తరువాత అంట్లు ఉంటాయి. అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. మాట పుట్టుక మాత్రం అంత మెత్తనిది కాదు. స్కాండినేవియా ప్రాచీన భాష అయిన పాత నార్స్‌లో మలం అనే అర్థమున్న ‘డ్రిట్’ ఇంగ్లీషులో చేరి, కాలక్రమంలో లోపలి ధ్వనులు చోటు మార్చుకుని ‘డర్ట్’ అయింది. అమెరికాలో ‘డర్ట్’ అంటే మామూలు మట్టి అని కూడా అర్థం. అక్కడి రచనల్లో ‘డర్ట్ రోడ్’ కనిపిస్తే మట్టిరోడ్డు అని అనువదించాలి గాని మురికి రోడ్డు అని కాదు. ఈ పొరపాటు అచ్చులో నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

‘ఫిల్తీ’ అంటే డర్టీకి ‘చాలా’ అని చేర్చినట్టు కాదు. అందులో రోత ఉంది, చాలాకాలంగా ఎవరూ పట్టించుకోలేదన్న నింద ఉంది. బస్టాండు మరుగుదొడ్డిని ‘డర్టీ’ అంటే ఈ పూట కడగలేదని అర్థం వస్తుంది. ‘ఫిల్తీ’ అంటే ఎవరో తమ పనిని నెలల తరబడి వదిలేశారని అర్థం వస్తుంది. కాబట్టి వస్తువు గురించి, బహిరంగ స్థలం గురించి, కళ్లారా చూసిన తరువాత ఈ మాట వాడవచ్చు. ఒకరి ఇంటి గురించి వాడితే అది వర్ణన కాదు, తిట్టు. అద్దెకు ఇచ్చిన ఇంటిని ఖాళీ చేయించుకున్న యజమాని రాసే ఉత్తరంలో ‘ఫిల్తీ’ అని ఉంటే వ్యవహారం తగవులోకి దిగుతుంది. గదులు ఊడవలేదు, పొయ్యి గట్టుకు జిడ్డు ఉంది, స్నానాల గదిలో నాచు ఉంది అని విడివిడిగా రాస్తే అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలన్న మాటతో అది తేలిపోతుంది.

‘గ్రైమీ’ మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. మసి, నూనె, బొగ్గుపొడి లాంటివి చర్మపు గీతల్లోకీ గోడ రంధ్రాల్లోకీ దిగిపోయి, ఒక్క కడుగుతో పోని స్థితిని అది చెబుతుంది. గోదావరిఖనిలోనో కొత్తగూడెంలోనో షిఫ్టు దిగి గనిలోంచి పైకి వచ్చిన కార్మికుడి ముఖం గ్రైమీగా ఉంటుంది; దాన్ని ‘ఫిల్తీ’ అనడం అన్యాయం, ‘డర్టీ’ అనడం అజాగ్రత్త. పని వల్ల అంటిన మురికికీ పట్టించుకోకపోవడం వల్ల పేరుకున్న మురికికీ తేడా చూపించగల మాట చేతిలో ఉన్నప్పుడు దాన్ని వదులుకోకూడదు. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలకు నూనె ఆవిరీ దుమ్మూ కలిసి గట్టిపడినదానికి కూడా ఇదే సరైన మాట. నూనె ఇంకా తడిగా, చేతికి జారుతూ ఉంటే ‘గ్రీజీ’ చాలు.

‘గ్రబ్బీ’ తేలిక మాట. మట్టిలో ఆడుకుని వచ్చిన పిల్లల చేతులకూ, రెండు రోజులు వేసుకున్న చొక్కా కాలరుకూ సరిపోతుంది. ‘డింజీ’ మురికి కన్నా వెలుతురు లేమిని ఎక్కువగా చెబుతుంది: గోడల సున్నం నల్లబడి, కిటికీ చిన్నదై, పగలు కూడా దీపం వేసుకోవలసిన గది. చిన్న పడవను చెప్పే ‘డింగీ’ వేరే మాట. స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా కాబట్టి రాసేటప్పుడు చూసుకోవాలి. ‘నాస్టీ’ ఒకప్పుడు మురికి అనే అర్థంలోనే వాడుకలో ఉండేది. ఇప్పుడు రాతలో ఎక్కువగా దురుసైన, బాధపెట్టే, ప్రమాదకరమైన అనే అర్థాలు ఇస్తోంది. గదిని ‘నాస్టీ’ అని రాస్తే చదివేవారు ఒక్క క్షణం తడబడతారు. మురికి చెప్పదలిస్తే దాన్ని వదిలేయమనే నా సలహా.

ముక్కుకు తెలిసేది

‘ఫౌల్’ మన పిల్లలకు కబడ్డీ మైదానంలోనే పరిచయమవుతుంది. ఆటలో తప్పు అన్న ఆ అర్థం తరువాత చేరినది. మొదటి అర్థం కుళ్లిన, కంపు కొట్టే అని. ఈ మాటకు మన పుస్తకాల్లోనే ఒక చుట్టం ఉంది. సంస్కృతంలో ‘ప’కారంతో మొదలయ్యే ఎన్నో మాటలకు ఇంగ్లీషులో ‘ఫ’కారంతో మొదలయ్యే తోబుట్టువులు ఉన్నాయి: పితృకు ఫాదర్, పాదానికి ఫుట్. అదే వరసలో కుళ్లు అనే అర్థమున్న ‘పూతి’కి ‘ఫౌల్’. పూతిగంధం అని మనం చదివేది, ‘ఫౌల్ స్మెల్’ అని ఇంగ్లీషువారు అనేది, వేల ఏళ్ల వెనక ఒకే మూలం నుంచి విడిపోయిన మాటలు. చీమును చెప్పే ‘పూయ’ కూడా, లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన ‘పస్’ కూడా ఈ వంశంలోవే. పైన చెప్పిన ‘ఫిల్త్’ ఫౌల్‌కు కూతురు. ‘లాంగ్’ నుంచి ‘లెంగ్త్’ వచ్చినట్టే ‘ఫౌల్’ నుంచి ‘ఫిల్త్’ వచ్చింది.

ఈ చరిత్ర తెలిస్తే ఎంపిక సులువవుతుంది. కుళ్లు, వాసన, వికారం ఉన్నచోట ‘ఫౌల్’. పొడి దుమ్ముకు, మట్టికి అది పనికిరాదు. దుమ్ము పట్టిన బీరువాను ఎవరూ ‘ఫౌల్’ అనరు. చెడిపోయిన గుడ్డు, మురుగుకాలువ మీది గాలి, రోజుల తరబడి మార్చని పూలజాడీ నీళ్లు ఫౌల్. 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఎన్నో రోగాలు ఫౌల్ గాలి వల్లే వస్తాయని చాలామంది వైద్యులు కూడా నమ్మేవారు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు సభ్యులు ఇబ్బంది పడ్డ తరువాతే లండన్ నగరానికి కొత్త మురుగు వ్యవస్థ కట్టే చట్టం త్వరగా కదిలింది. వాసన భరించలేనిదైనా, రోగం మోసుకొచ్చింది వాసన కాదు, నీళ్లు. ఆ సంగతి ఈ వ్యాసంలోని అన్నిటికన్నా ముఖ్యమైన తేడా దగ్గరికి తీసుకెళుతుంది.

కనిపించనివి: ఇక్కడే ఎక్కువ పొరపాట్లు

1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు, జాన్ స్నో అనే వైద్యుడు చావుల చిరునామాలను ఒక్కొక్కటిగా వెతికి, బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు దగ్గర తేలాడు. ఆ పంపు నీటికి రుచిగా ఉంటుందని మంచి పేరు. దూరంగా హాంప్‌స్టెడ్‌కు మారిపోయిన ఒకావిడ ఆ నీళ్లే కావాలని తెప్పించుకుని తాగి, కలరాతో మరణించింది. ఆ నీళ్లను ఎవరూ ‘డర్టీ’ అనుకోలేదు, ‘ఫౌల్’ అసలే అనుకోలేదు. అవి ‘కంటామినేటెడ్’. కంటికి, ముక్కుకు, నాలుకకు అందకుండా హానికరమైనది ఏదో చేరింది అని చెప్పే మాట అది. లాటిన్‌లో తాకడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. ‘కాంటాక్ట్’, ‘కంటేజియన్’ దాని తోబుట్టువులే. మనం అంటురోగం అనేటప్పుడు ‘అంటు’లో ఉన్న తలపు కూడా అదే.

దీనికి తెలుగులో ‘కలుషితం’ అని రాస్తాం. ‘పొల్యూటెడ్’కు కూడా కలుషితం అనే రాస్తాం. చిక్కంతా ఇక్కడ వస్తుంది. నల్లగొండ జిల్లాలో తరతరాలుగా మనుషుల ఎముకలను వంచిన ఫ్లోరైడు నీళ్లు చూడటానికి అద్దంలా తేటగా ఉంటాయి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి; అక్కడి ఎన్నో బోర్లలో అది మించింది. ఆ ఫ్లోరైడును ఎవరూ తెచ్చి పోయలేదు, అది నేల అడుగున ఉన్న రాతి నుంచి కరిగి వచ్చింది. అందుకే శాస్త్రవేత్తలు దాన్ని ‘కంటామినేషన్’ అంటారు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ నుంచి రసాయన వ్యర్థాలు చేరిన నక్కవాగు కథ వేరు; అది ‘పొల్యూషన్’, ఎందుకంటే మనుషులు చేసిన పని, దాని వల్ల జరిగిన నష్టం రెండూ అందులో ఉన్నాయి. మూసీ కూడా అంతే. నీటి కాలుష్యం మీద 1974లో వచ్చిన కేంద్ర చట్టం ‘పొల్యూషన్’ను నిర్వచిస్తూ ‘కంటామినేషన్’ అనే మాటతోనే మొదలుపెట్టి, హాని చేసేది, చేయగలిగేది అన్న షరతును చేరుస్తుంది. పొల్యూషన్ ఉన్నచోట కంటామినేషన్ తప్పక ఉంటుంది. కంటామినేషన్ ఉన్న ప్రతిచోటా పొల్యూషన్ ఉందని అనలేం. చేసినవారి మీద వేలు చూపించదలచి, చూపించగల ఆధారం ఉన్నప్పుడు మాత్రమే ‘పొల్యూటెడ్’ రాయండి.

‘అడల్టరేటెడ్’ దీనికి ఇంకో మెట్టు పైన ఉంటుంది. మన కల్తీ అన్న మాటకు ఇది చక్కగా సరిపోతుంది: లాభం కోసం, తెలిసి, చౌకైనదాన్ని కలపడం. పాలలో నీళ్లు, కారంలో రంగు. ఇది నేరారోపణ. ఊరికే చెడిపోయిన పాలను ‘అడల్టరేటెడ్’ అనడం దుకాణదారు మీద నిరాధారమైన అభియోగం. ఒకప్పటి ఆహార కల్తీ నిరోధక చట్టం, 1954 స్థానంలో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లో ఒక విశేషం ఉంది. హోటల్ సాంబారులో పురుగు కనిపిస్తే మనం వెంటనే ‘కంటామినేటెడ్’ అంటాం. ఆ చట్టం ‘కంటామినెంట్’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం పురుగుల ముక్కలనూ ఎలుకల వెంట్రుకలనూ అందులోంచి స్పష్టంగా మినహాయిస్తుంది. అవి ‘ఎక్స్‌ట్రేనియస్ మ్యాటర్’, అంటే బయటి పదార్థం, కిందికి వస్తాయి. కాబట్టి ఫిర్యాదులో పెద్ద మాటలు వెతకకుండా, వడ్డించిన సాంబారులో పురుగు ఉంది అని తేదీ, సమయం వేసి రాయడమే అన్నిటికన్నా బలమైన పద్ధతి.

‘ఇన్ఫెక్టెడ్’, ‘ఇన్‌ఫెస్టెడ్’ అనే రెండిటినీ విద్యార్థులు తరచు కలిపేస్తారు. సూక్ష్మజీవులు చేరి రోగం తెచ్చిన శరీరమో గాయమో ‘ఇన్ఫెక్టెడ్’. ఎలుకలు, బొద్దింకలు, నల్లులు తిష్ఠ వేసిన చోటు ‘ఇన్‌ఫెస్టెడ్’. పరుపులో నల్లులున్న హాస్టల్ గది ఇన్ఫెక్టెడ్ కాదు.

శస్త్రచికిత్స గదిలో ఈ మాటల వరస మారిపోతుందని కూడా తెలుసుకోవాలి. ఆపరేషన్ గాయాలను క్లీన్, క్లీన్ కంటామినేటెడ్, కంటామినేటెడ్, డర్టీ అని నాలుగు తరగతులుగా విభజిస్తారు. నాలుగోదాన్ని ‘డర్టీ లేదా ఇన్ఫెక్టెడ్’ అని కూడా రాస్తారు. మామూలు భాషలో అన్నిటికన్నా తటస్థమైన ‘డర్టీ’ ఇక్కడ అన్నిటికన్నా తీవ్రమైనది: అప్పటికే చీము పట్టిన, చచ్చిన కండ ఉన్న, లేదా పేగు చిల్లుపడిన స్థితి. డిశ్చార్జి కాగితంలో ఈ మాట చూసి ఆసుపత్రివారు అశుభ్రంగా ఆపరేషన్ చేశారని ఒక కుటుంబం బాధపడుతుంటే, అది గాయం తరగతి పేరేనని నేనే కూర్చుని వివరించవలసి వచ్చింది. వృత్తి పరిభాషలో మాట ఉన్నప్పుడు నిఘంటువు మీద ఆధారపడకూడదు.

మాసినది, మరక పడినది

‘సాయిల్డ్’ మర్యాద తెలిసిన మాట. వాడకం వల్ల మాసింది అని, ఎవరినీ నిందించకుండా చెబుతుంది. అందుకే హోటళ్లలో, ఆసుపత్రుల్లో మార్చవలసిన దుప్పట్లను ‘సాయిల్డ్ లినెన్’ అంటారు. మంచంపట్టిన పెద్దవారి బట్టలు తడిసినా పాడైనా ‘సాయిల్డ్’ అంటే వారి గౌరవం నిలుస్తుంది. నేలను చెప్పే ‘సాయిల్’కూ దీనికీ పుట్టుక వేరు; రెండూ ఫ్రెంచి మీదుగానే వచ్చినా వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే రూపంలో కలిశాయి.

ఈ మాటకు మన జేబులోనే ఒక లెక్కైన వాడుక ఉంది. రిజర్వు బ్యాంకు పరిభాషలో ‘సాయిల్డ్ నోట్’ అంటే మామూలు వాడకంతో మాసి, నలిగిన నోటు. రెండు ముక్కలైనా, ఆ రెండూ ఒకే నోటువై, ముఖ్యమైన భాగమేదీ పోకుండా అతికించి ఉంటే అది కూడా సాయిల్డ్ కిందే లెక్క. కొంత భాగం పోయినా, రెండుకు మించి ముక్కలైనా అది ‘మ్యూటిలేటెడ్’ అవుతుంది. అప్పుడు ఎంత సొమ్ము తిరిగి వస్తుందన్నది మిగిలిన భాగం వైశాల్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. బ్యాంకు కౌంటర్లో ‘డర్టీ నోట్’ అంటే అర్థం కాకపోదు; కానీ మార్పిడి కాగితం నింపేటప్పుడు ఈ రెండు మాటల తేడా డబ్బు తేడా అవుతుంది.

‘స్టెయిన్డ్’ అంటే మరక పడినది. మరక ఉన్నంత మాత్రాన మురికి ఉన్నట్టు కాదు. పెళ్లిలో పసుపు అంటిన పట్టుపంచె ఎన్నిసార్లు ఉతికినా స్టెయిన్డ్‌గానే ఉంటుంది, అయినా శుభ్రంగానే ఉంటుంది. లాండ్రీ రసీదు మీద ‘డర్టీ’ అని రాయించుకోకుండా ‘స్టెయిన్డ్’ అని రాయించుకుంటే, బట్ట ఇచ్చేనాటికే మరక ఉందన్న సంగతి ఇద్దరికీ స్పష్టమవుతుంది.

‘మెస్సీ’, ‘అన్‌టైడీ’ మురికిని చెప్పవు, చిందరవందరను చెబుతాయి. పుస్తకాలు పరచుకుని ఉన్న బల్ల మెస్సీ కావచ్చు, దుమ్ము లేశమైనా లేకపోవచ్చు. హాస్టల్లో మనం భోజనం చేసే ‘మెస్’ కూడా ఈ మాటే. మొదట వడ్డించిన వంటకం అనే అర్థంలో ఉండి, ఒకపక్క కలిసి తినే చోటుకు పేరైంది, ఇంకోపక్క కలగాపులగానికి పేరైంది.

అపరిశుభ్రత: మనిషి అలవాటా, కట్టడం లోపమా

‘అన్‌హైజీనిక్’, ‘అన్‌శానిటరీ’ రెండిటికీ మనం అపరిశుభ్రం అనే రాస్తాం. నిజానికి రెండూ ఆరోగ్యాన్ని చెప్పే మాటల నుంచి వచ్చాయి: హైజీన్ గ్రీకుల ఆరోగ్యదేవత హైజియా పేరు నుంచి, శానిటరీ లాటిన్‌లో ఆరోగ్యాన్ని చెప్పే మాట నుంచి. కాబట్టి రోగం వచ్చే అవకాశం ఉందని చెప్పదలచినప్పుడే ఇవి వాడాలి. వాటి మధ్య నేను పాటించే తేడా ఇది: చేతులు కడగకపోవడం, వంటవాడు తల కప్పుకోకపోవడం, అదే గుడ్డతో బల్లా ప్లేటూ తుడవడం లాంటి అలవాట్లకు ‘అన్‌హైజీనిక్’, మురుగు పోయే దారి లేకపోవడం, మరుగుదొడ్డి పొంగడం, నీటి సరఫరా లేకపోవడం లాంటి ఏర్పాటు లోపాలకు ‘అన్‌శానిటరీ’. 2006 నాటి ఆహార చట్టం 56వ సెక్షను ఈ రెండు మాటలనూ పక్కపక్కనే వాడి, అలాంటి పరిస్థితుల్లో ఆహారం తయారుచేసేవారికి లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చని చెబుతోంది. హోటల్ మీద రాసేటప్పుడు ఏది అలవాటు, ఏది ఏర్పాటు అని విడదీసి రాస్తే తనిఖీకి వచ్చేవారికి ఏం చూడాలో తెలుస్తుంది.

‘ఇన్‌శానిటరీ’ అన్నది అదే అర్థంలో బ్రిటిష్ అలవాటు. ఇది మన చట్టాల్లో చాలా బరువైన చోట కనిపిస్తుంది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ‘ఇన్‌శానిటరీ లెట్రిన్’ను నిర్వచించింది: మలాన్ని మనిషి చేతితో ఎత్తవలసి వచ్చే మరుగుదొడ్డి. విశేషణం ఎక్కడ పడిందో గమనించండి. తరతరాలుగా ఆ పని చేయించబడినవారి మీద సమాజం మోపిన మాటను, చట్టం కట్టడం మీదికి మార్చింది. లోపం మరుగుదొడ్డిదీ, దాన్ని అలా ఉంచినవారిదీ. మురికిని గురించి రాసే ప్రతివారూ విశేషణం ఎవరి తల మీద వాలుతోందో ఇలాగే చూసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే ‘స్క్వాలిడ్’ విషయంలో జాగ్రత్త కావాలి. మురికి, పేదరికం, నిర్లక్ష్యం మూడూ కలిసిన చోటుకు ఆ మాట. వలసకూలీలకు గుత్తేదారు కట్టించిన రేకుల షెడ్లను ‘స్క్వాలిడ్’ అంటే నింద కట్టించినవాడి మీద పడుతుంది, అది న్యాయం. ఒక పేద కుటుంబం తన శక్తికొద్దీ ఊడ్చి, ముగ్గుపెట్టుకున్న గుడిసె ఇరుకుగా ఉందని ‘స్క్వాలిడ్’ అంటే నింద ఆ కుటుంబం మీద పడుతుంది, అది న్యాయం కాదు. అక్కడ ‘క్రాంప్డ్’ (ఇరుకైన), ‘పూర్లీ వెంటిలేటెడ్’ (గాలి సరిగా ఆడని) లాంటి మాటలు ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతాయి. ‘సార్డిడ్’ ఇప్పుడు దాదాపుగా నీతికి సంబంధించిన మాట; లంచాల వ్యవహారాలకూ నీచమైన బేరాలకూ వాడతారు, గదులకు అరుదు.

మన మాటకు జత దొరకనప్పుడు

ఎంగిలి, మైల, మడి ఇంగ్లీషులోకి ఒక్క మాటలో పోవు. ఎంగిలి గ్లాసును ‘డర్టీ గ్లాస్’ అంటే మురికి కనిపించాలి, కనిపించదు. ‘కంటామినేటెడ్’ అంటే రోగం ఉన్నట్టు. ఒకరు నోరు పెట్టి తాగిన గ్లాసు అని వాక్యంలో చెప్పడమే మేలు. మైలకు మానవశాస్త్ర గ్రంథాల్లో ‘రిచువల్ పొల్యూషన్’ అని రాస్తారు. ‘రిచువల్’ అన్నది వదిలేస్తే ఫ్యాక్టరీ పొగలా వినిపిస్తుంది. ‘అన్‌క్లీన్’ బైబిలు నుంచి మతపరమైన ఛాయ తెచ్చుకుంది; తెలుగు బైబిలులో దానికి ‘అపవిత్రము’ అని ఉంటుంది. నెలసరి గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ స్త్రీ ‘అన్‌క్లీన్’ అని రాయడం పెద్ద తప్పు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో ఫలానా పనులకు దూరంగా ఉంచుతారు అని ఆచారాన్ని ఆచారంగానే చెప్పాలి. ఇంటివారి నమ్మకం మన వాక్యంలో వాస్తవంగా మారిపోకూడదు. ‘ఇంప్యూర్’ను బంగారానికీ రసాయనాలకూ ఉంచండి, దాని పని అక్కడ కచ్చితంగా ఉంటుంది.

డబ్బు, నడత గురించిన వాడుకలు ఎంపికకు లొంగవు, ఉన్నవి ఉన్నట్టు నేర్చుకోవాలి. ‘డర్టీ మనీ’ అక్రమార్జన. ‘ఫిల్తీ రిచ్’ అంటే కళ్లు చెదిరేంత ధనం, కాస్త ఈసడింపుతో. ‘ఫౌల్ ప్లే’ పోలీసుల భాషలో హత్యానుమానం. ఒకదాని చోట మరొకటి పెడితే ఏదీ నిలవదు.

మన ఊళ్ల నుంచి విదేశీ ఆసుపత్రులకు వెళ్లే నర్సులకు ఇంగ్లీషు నేర్పేటప్పుడు నేను చేయించే అభ్యాసం ఒకటుంది. ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన, జుట్టు చెదిరి, చొక్కా మీద అన్నం మరకలతో, గాయానికి కట్టిన తడిసిన పట్టీతో ఆసుపత్రికి వచ్చాడు, ఆయన గురించి రికార్డులో రాయండని చెబుతాను. మొదట దాదాపు అందరూ ‘డర్టీ పేషెంట్’ అని మొదలుపెడతారు. అప్పుడు ఒక్కో మాటా వెతుకుతాం. జుట్టుకు ‘అన్‌కెంప్ట్’, దువ్వని అనే దాని మొదటి అర్థం. చొక్కాకు ‘స్టెయిన్డ్’. పట్టీకి ‘సాయిల్డ్’. గాయం వాసన వస్తుంటే గాయానికే ‘ఫౌల్ స్మెల్లింగ్’, చీము కనిపించి వైద్యుడు చెప్పేవరకు ‘ఇన్ఫెక్టెడ్’ రాయకూడదు. అలా రాసిన నాలుగు పంక్తుల్లో మనిషి మీద ఒక్క విశేషణం కూడా మిగలదు. ఆ రోజు ఆయనకు ఎవరెవరు ఏమేం చేయాలో మాత్రం వరసగా తెలుస్తుంది. చాలా దేశాల్లో రోగి తన రికార్డును అడిగి చదువుకోవచ్చు కాబట్టి, రాసిన పంక్తులను ఆ పెద్దాయన ఎదుట గట్టిగా చదవగలరో లేదో కూడా చూసుకోమంటాను.